జాడ పట్టు కుక్కకు తొలిపాఠములు

కార్తికమాసపు వేకువను, వేరుసెనగ పీకి ఒకసాలు దున్ని వదలిన ఎర్రచేనిలో ఒక మనుష్యుడు నడచిపోయినచో, వాని అడుగులు పొద్దెక్కువరకు మన కంటికి కనబడును. గాలి లేచినంతనే అవి మాసిపోవును. కాని ఆ అడుగులలో వాడు విడిచిన వాసన మాత్రము, కంటికి ఏ గుర్తును మిగులని తరువాత కూడ, నేలను అంటిపెట్టుకొని యుండును. ఆ వాసనను మొదటి అడుగునుండి చివరి అడుగువరకు వదలక అనుసరించునట్లు కుక్కను తీర్చుటయే జాడ పట్టించుట. వాసన చూచుట కుక్కకు ఎవరును నేర్పనక్కరలేదు. కుందేలు దాటిన చోటు, గొర్రెలమంద పోయిన బాట, నిన్న రాత్రి మరొక కుక్క నిలిచిన గట్టు, ఇన్ని వాసనలు పిలుచుచుండగా, వాటినన్నిటిని కాదని ఒక్కదానినే పట్టుకొని పోవుట నేర్పవలెను.

ఈ విద్యతో రాయలసీమకు అక్కర ఏమని అడుగువారు పాలకొండలను, లంకమలను, శేషాచలపు అడవులను ఒక్కసారి తలచుకొనవలెను. తూర్పుకనుమల దక్షిణభాగమున దక్క ప్రపంచములో మరెక్కడను సహజముగా పెరుగని ఎర్రచందనము ఈ కొండలమీదనే యున్నది. దాని అంతర్జాతీయ వ్యాపారమును, అపాయములోనున్న జీవజాతుల వర్తకమును గూర్చిన సైటిస్ ఒడంబడిక 1995లోనే కట్టడి చేసినను, చీకటిలో చెట్టు కూల్చి, పైనున్న తెల్లచెక్కను చెక్కివేసి, చేవను దుంగలుగా కోసి భుజములమీద మోసికొనిపోవు వారి రాకపోకలు ఆగలేదు. దుంగలు మోయువారు కొండమీద నడచియే పోవలెను. నడచువానికి జాడ తప్పదు. వన్యప్రాణుల దొంగవ్యాపారముపై కన్నువేసియుంచు ట్రాఫిక్ సంస్థ 2008లో మనదేశమున ఆరంభించిన జాగిలముల శిక్షణలో, పులిచర్మము, ఏనుగుదంతములతోపాటు ఎర్రచందనపు వాసనయు కాలక్రమమున పాఠ్యాంశమైనది. భోపాలులోని 23వ ప్రత్యేక సాయుధ పటాలము వద్దను, తరువాత పంచకుల సమీపమున భానులోని ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసుల (ఐటీబీపీ) కేంద్రమునను, ఒక్కొక్క కుక్కకు దానిని నడిపించు హ్యాండ్లర్లు ఇద్దరి చొప్పున ఈ తర్ఫీదు నెలల తరబడి సాగినది. అయితే దాచిన సరుకును పసిగట్టుట వేరు, నడచిపోయినవాని వెంట పోవుట వేరు. మొదటిదానిలో కుక్క వాసన దొరికినచోట ఆగవలెను. రెండవదానిలో వాసన దొరకుచున్నంతవరకు ఆగరాదు.

జాడ అనగా ఒక్క వాసన కాదు. మన చర్మమునుండి కంటికి కనబడని పొలుసులు అనుక్షణము వేలకొలదిగా రాలుచుండును; వాటిమీది సూక్ష్మజీవులు చెమటను మార్చి ప్రతి మనుష్యునికిని ప్రత్యేకమైన గంధమును కలిగించును. దీనికి తోడు అడుగు పడినచోట నలిగిన గరిక, చితికిన పురుగు, పెళ్లగిలిన మన్ను, ఇవియు తమ తమ వాసనలను వెలువరించును. మనుష్యుని ముక్కులో వాసనను గ్రహించు కణములు 50, 60 లక్షలుండగా, కుక్కకు అవి 20 కోట్లకు మించియుండునని అంచనా. బెల్ఫాస్టులోని క్వీన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2005లో ప్రకటించిన పరీక్షలలో, మనుష్యుడు ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోయినాడో తెలిసికొనుటకు నేర్పుగల కుక్కలకు 5 అడుగుల వాసన చాలినది. అనగా నాలుగవ అడుగుకంటె ఐదవ అడుగు ఎంత క్రొత్తదో ఆ ముక్కు ఎరుగునన్నమాట!

ఇక్కడనే మన సీమ సంగతి ఆలోచింపవలసియున్నది. జాడవిద్యను గూర్చిన గ్రంథములు పెక్కులు ఐరోపాలోని పచ్చికబయళ్లను దృష్టిలో నుంచుకొని వ్రాసినవి. అక్కడ మంచు కురిసిన గడ్డి, నలిగినప్పుడెల్ల పసరువాసనతో కుక్కకు తోడ్పడును. చైత్రవైశాఖములలో మన నేలమీద నలుగుటకు గడ్డి యేది? కర్నూలు నల్లరేగడి నెర్రెలు విచ్చును. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతపు బండనేల కాలు మోపరానట్లు కాగును. ఎండవేడికి వాసన చెదరిపోవును, తేమ లేక నేల దానిని నిలుపుకొనజాలదు. కావున తొలిపాఠములకు కార్తికమునుండి మాఘమువరకు గల వేకువలే తగినవని నా నిశ్చయము. దున్నిన ఎర్రనేల అన్నిటికంటె మేలు. అడుగు లోతుగా పడును, మన్ను పెళ్లగిలి తడివాసన పైకి వచ్చును, హ్యాండ్లరుకు సైతము జాడ కంటికి కనబడుటచే కుక్క సరిగా పోవుచున్నదో లేదో తెలియును. తడిసిన రేగడి కాళ్లకు గడ్డలు గడ్డలుగా అంటుకొనును గనుక అది కొంత ఆరినపిమ్మట మాత్రమే పనికివచ్చును. బండనేల చిట్టచివరి పాఠము.

మొదటినాడు చేయవలసినది ఇది. కుక్కను దూరముగా చెట్టుకు కట్టివేసి, పొలమున ఒకచోట చిన్న పుల్ల గుచ్చి, దాని చుట్టు ఒక గజము మేర నేలను కాళ్లతో బాగుగా త్రొక్కి, అక్కడ ఉడికించిన కోడిమాంసపు తునకలు నాలుగైదు వేయవలెను. అటుపిమ్మట, గాలి వీపుమీదికి వీచునట్లు నిలిచి, ఒక అడుగు మడమకు మరొక అడుగు వ్రేళ్లు తగులునంత దగ్గరగా ఇరువది అడుగులు తిన్నగా నడచి, ప్రతి అడుగులోను ఒక తునక వేసి, చివర తాను వాడిన చేతిగుడ్డనో తోలు సంచినో ఉంచి, దాని క్రింద మరికొంత మాంసము పెట్టి, జాడకు దూరముగా చుట్టు తిరిగి రావలెను. గాలి ఎదురుగా వచ్చినచో కుక్క తలయెత్తి గాలిలోనే మాంసమును పసిగట్టి పరుగెత్తును; వీపువైపునుండి వచ్చినపుడు ముక్కు నేలకు దింపక గత్యంతరము లేదు. మెడపట్టీకి గాక ఛాతీకి తొడిగిన పట్టీకి పొడవైన తాడు కట్టి, త్రొక్కిన చోటికి తెచ్చి, "వెతుకు" అని ఒక్కమాట మెల్లగా చెప్పి ఊరకుండవలెను. మెడ పట్టి లాగినచో అది తన్ను వద్దనుచున్నారని తలచును.

ఆ ఇరువది అడుగులు ముగియుటకు ఎంతసేపైనను పట్టనిండు. చివరనున్న గుడ్డను చేరినప్పుడు మెచ్చుకొని, ఇంకను చేయవలెనను ఉత్సాహము దానికి ఉండగానే పాఠము ముగింపవలెను. వారమునకు రెండు మూడు మార్లు ఇట్లు చేయుచు, జాడ నిడివిని పెంచుచు, మాంసమును క్రమముగా తగ్గింపవలెను. అదియు లెక్కప్రకారము కాదు, ఒకచోట మూడడుగులకు, ఒకచోట పదడుగులకు దొరకునట్లు చేసినచో, ముందు అడుగులో ఉండవచ్చునను ఆశ దానిని నడిపించును. పిమ్మట జాడను పది నిమిషములు, అరగంట, గంట ఆరనిచ్చి తీయింపవలెను.

మలుపువద్దనే గురువునకు పరీక్ష. తిన్నగా పోవుచున్న కుక్క మలుపు దాటి నాలుగడుగులు ముందునకు పోయి, వాసన తెగినదని గ్రహించి, తలయెత్తి, వెనుకకు వచ్చి, చుట్టు తిరుగును. ఆ క్షణమున హ్యాండ్లరు చెట్టువలె నిలిచిపోవలెను. తాడు బిగించుట, చేయి చూపుట, మలుపువైపు ఒక అడుగు వేయుట, ఇందులో ఏది చేసినను కుక్క ఆనాటినుండి నేలను మాని మనుష్యుని ముఖము చూచుట అలవరచుకొనును. దీని ప్రమాదము చిన్నది కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారు జరుపగా 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏ వాసనయు ఉంచని గదులలో ఎర్రకాగితము అంటించి, అది వాసనయున్న చోటని 18 మంది హ్యాండ్లర్లను నమ్మించగా, వారి కుక్కలు ఆ కాగితమున్న చోట్లనే మిక్కిలిగా సైగ చేసినవని వారు చెప్పిరి. అందుచేత కొన్ని మాసములైన పిమ్మట జాడను వేరొకరు వేయవలెను. హ్యాండ్లరుకు అది ఎటు పోయినదో తెలియనే కూడదు.

జాగిలము బస్టాండువరకు పోయి ఆగిపోయినదని పత్రికలలో చదివినప్పుడు అది ఓడిపోయినదని అనుకొనువారు కలరు. నడచినవాడు వాహనమెక్కినచో నేలమీద జాడ అక్కడితో తెగును; అక్కడ ఆగుటయే దాని సత్యము. కాని అది చూపిన మనుష్యుడే దోషియని తీర్పు చెప్పరాదు. 1969 నాటి ఒక తీర్పులో సుప్రీంకోర్టు, కుక్క బోనెక్కి సాక్ష్యము చెప్పజాలదనియు, మనుష్యుని ప్రాణస్వాతంత్ర్యములు దాని ఊహపై ఆధారపడరాదనియు గల ఆక్షేపణలను ప్రస్తావించి, అట్టి సాక్ష్యమునకు సామాన్యముగా అధికమైన విలువ యుండదని చెప్పినది. జాగిలము దర్యాప్తునకు దారి చూపవచ్చును. ఋజువు వేరుగా వెదకవలసినదే.

ఇక కుక్క శరీరమును గూర్చి. మన పొలములలో పల్లేరుకాయ లేని గట్టు అరుదు. అరికాలి మెత్తలో ముల్లు దిగిన కుక్క కుంటుచుండగా జాడ తీయించుట క్రూరము, నిష్ఫలము కూడ. వేకువ పాఠమునకు ముందును తరువాతను కాళ్లు విప్పి చూడవలెను. కుక్క నాలుక చాచి రొప్పుటచేతనే వేడిని తగ్గించుకొనును. రొప్పుచు నోటితో గాలి పీల్చు కుక్క ముక్కుతో వాసన పట్టుట తగ్గిపోవును. నీరు త్రాగించకయే ఎండలోనికి తీసికొనిపోవు వారికి ఈ ఒక్క సంగతి చాలును. దట్టమైన బొచ్చుగల జర్మన్ షెపర్డునకు మన మధ్యాహ్నము ఎంత బాధాకరమో చెప్పనక్కరలేదు.

అందుచేతనే మన ఊరకుక్కను గూర్చి నాకొక ఆలోచన కలదు. నల్లమలలోని చెంచులు తరతరములుగా కుక్కలను వెంటబెట్టుకొని అడవి తిరిగినవారు. ఆ కుక్కలు ఏ విదేశీజాతివియు కావు. నేడు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యమున చెంచులే కావలివారుగా జాడలు చదువుచున్నారు. ఉత్తరాఖండ్ పోలీసులు 2019లో ఠేంగా అను వీధికుక్కను తమ దళమున చేర్చుకొని తీర్చిరి. ఎండకు, ముల్లునకు, కొద్దిపాటి తిండికి పుట్టుకనుండి అలవడిన ఒక కుక్కపిల్లను రెండు మూడు మాసముల ప్రాయముననే తెచ్చి, ఆత్మకూరు అడవులలో ఒక చెంచు కావలివాని చేతికిచ్చి, ఎర్రనేలపై ఇరువది అడుగుల పాఠముతో ఆరంభించి, ఏడాదిపాటు తీర్పించుటకు అటవీశాఖవారు పూనుకొందురేని, ఆ కుక్క మండువేసవిలో ఎంతదూరము జాడ తీయగలదో చూడవలెనని నాకు మిక్కిలి కోరికగా నున్నది.