డిస్కు అరిగిందా? కన్ను కాదు, కొలత చెప్పాలి!

విజయవాడ: కారును సర్వీసుకు ఇచ్చిన నాటి సాయంత్రం ఫోను మోగిందంటే సగటు యజమాని గుండె గతుక్కుమంటుంది. "సార్, ముందు చక్రాల డిస్కులు రెండూ పోయాయి, మార్చేయమంటారా?" అన్న ప్రశ్న అవతలి నుంచి వస్తుంది. ఔనంటే వేల రూపాయల ఖర్చు. కాదంటే ఇది బ్రేకు వ్యవహారం, ఇంటిల్లిపాదీ ఎక్కే బండి. చూసి తెలుసుకుందామంటే తెలియదు, గట్టిగా అడుగుదామంటే మొహమాటం. చివరకు "సరే, కానివ్వండి" అనేవారే ఎక్కువ.

మరి ఆ డిస్కులు నిజంగా పోయాయా? పోయి ఉండవచ్చు. పోకపోయి ఉండవచ్చు. ఆ సంగతి తేల్చడానికి ఊహాగానాలు అక్కరలేదు. అరచేతిలో ఇమిడే మైక్రోమీటరు ఒకటి, డయల్ గేజి ఒకటి ఉంటే పావుగంటలో తేలిపోతుంది. చిత్రమేమంటే చాలాచోట్ల ఈ రెండూ పెట్టెలోంచి బయటికే రావు. డిస్కు మీద చెయ్యి తిప్పి, పెదవి విరిచి, "అయిపోయింది" అనడమే పరిపాటి అయింది.

ఒకే షెడ్డు, రెండు తీర్పులు

1960 దశకంలో వెలసిన జవహర్ ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే సుత్తుల మోత మధ్య బ్రేకుల పని ఒక్కటే చూసే చిన్న షెడ్లు కొన్ని ఉన్నాయి. అలాంటి ఒక షెడ్డుకు ఒకే ఉదయం రెండు కార్లు వచ్చాయి. మొదటిది ఒక రిటైర్డు ఉపాధ్యాయునిది. బ్రేకు నొక్కితే స్టీరింగు వణుకుతోంది. నగరంలో వేరొకచోట చూపిస్తే డిస్కులు, ప్యాడ్లు మొత్తం మార్చాలన్నారు. పెన్షను డబ్బుతో బతికే మనిషి కావడంతో రెండో అభిప్రాయం కోసం ఇటు వచ్చారు. రెండోది ఒక టాక్సీ. బ్రేకు వేసినప్పుడల్లా గరగరమని ఇనుము గీసిన చప్పుడు. "కొత్త ప్యాడ్లు వేసేయ్ బాబాయ్, మధ్యాహ్నం కిరాయి ఉంది" అన్నది డ్రైవరు తొందర.

మేస్త్రీ ఇద్దరికీ ఒకే మాట చెప్పారు: "ముందు చక్రాలు ఊడదీయనివ్వండి. కొలత ఎవరికీ చుట్టం కాదు."

డిస్కు చేసే పని

1970లలో మన రోడ్లపై తిరిగిన అంబాసిడర్లకు, ప్రీమియర్ పద్మినిలకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. ఇప్పటి కార్లలో ముందు చక్రాలకు డిస్కులే ఉంటాయి. చిన్న కార్లలో చాలావాటికి వెనుక మాత్రం డ్రమ్ములే. డిస్కు అంటే చక్రంతోబాటు తిరిగే పోత ఇనుప పళ్లెం. పెడలు నొక్కగానే క్యాలిపర్ అనే పట్టు రెండు ప్యాడ్లతో దానిని రెండు వైపుల నుంచీ బిగిస్తుంది. రాపిడికి పరుగు తగ్గుతుంది, ఆ పరుగంతా వేడిగా మారుతుంది.

వేయి కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడి, ముప్పావు లీటరు పైచిలుకు నీటిని మరగబెట్టడానికి చాలు. ఆ వేడిలో పెద్ద వాటాను మింగవలసింది ముందు డిస్కులే. డిస్కు పలచబడిన కొద్దీ వేడిని దాచుకునే ఇనుము తగ్గుతుంది. అది త్వరగా కాగిపోతుంది, ప్యాడ్ల పట్టు సడలుతుంది. పాతబడి చెమ్మ పట్టిన బ్రేకు ఆయిల్ అయితే మరిగి, పెడలు అడుగంటా పోతుంది. కనుకనే ప్రతి డిస్కుకూ ఇంతకు మించి పలచబడరాదు అన్న హద్దును తయారీదారు ముందే నిర్ణయిస్తాడు.

అంచు మీదే అంకె

ఆ హద్దు ఎక్కడో రహస్యంగా లేదు. సాధారణంగా డిస్కు అంచుమీదనో, మధ్యనున్న టోపీ భాగం మీదనో 'మిన్. టి.హెచ్.' అనే పొడి అక్షరాల పక్కన మిల్లీమీటర్లలో పోతపోసి గాని, చెక్కి గాని ఉంటుంది. తుప్పు కప్పేస్తే వైరు బ్రష్షుతో రుద్దితే కనిపిస్తుంది. సర్వీసు మాన్యువల్లోనూ ఉంటుంది. ఉదాహరణకు కొత్తలో 22 మి.మీ. ఉన్న డిస్కుకు హద్దు 20 మి.మీ. అనుకుంటే, అరగడానికి ఉన్నది రెండే మిల్లీమీటర్లు. అంటే వైపుకు ఒక్కటి. కంటితో చూసి చెప్పే లెక్క కాదిది.

కొలవడంలోనూ కిటుకుంది. ప్యాడు తగలని చిట్టచివరి అంచు అరగదు కనుక అక్కడ గట్టు మిగిలిపోతుంది. వెర్నియర్ కాలిపర్సును పైనుంచి పెడితే దాని దవడలు ఆ గట్టు మీద ఆగి, అరిగిన డిస్కును కూడా మందంగా చూపిస్తాయి. మైక్రోమీటరునే వాడాలి. అంచుకు ఒక సెంటీమీటరు లోపల, చుట్టూ కనీసం ఎనిమిది చోట్ల కొలవాలి. వాటిలో అతి తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

మాష్టారి కారు డిస్కుకు హద్దు 20. మేస్త్రీ కొలతలో అతి ఎక్కువ 21.26, అతి తక్కువ 21.21 వచ్చింది. అంటే ఇంకా సగానికి పైగా ఆయుష్షుంది! మరి వణుకు ఎక్కడిది?

వణుకు రహస్యం

"డిస్కు వంకరపోయింది" అన్నది వాడుకలో ఉన్న మాట. నిజానికి పళ్లెం వేడికి వంగిపోవడం అరుదు. చుట్టూ మందం ఒకే తీరుగా లేకపోవడమే ఎక్కువ సందర్భాల్లో కారణం. మాష్టారి డిస్కులో తేడా 0.05 మి.మీ. అంటే మామూలు కాగితం మందంలో సగం. ఆపాటి తేడాకే చక్రం తిరిగినప్పుడల్లా ప్యాడు ఎగిరిపడి పెడలు, స్టీరింగు వణుకుతాయి.

ఆ తేడా ఎందుకు వచ్చింది? మేస్త్రీ డయల్ గేజి ముల్లును డిస్కుకు ఆనించి చుట్టూ తిప్పారు. 0.11 మి.మీ. ఊగింది. చాలా కార్లకు ఇందులో సగమే అనుమతి. బేరింగులో వదులు లేదు. డిస్కును విప్పి చూస్తే అది కూర్చునే హబ్బు ముఖాన తుప్పు పొరలు కట్టింది. ఎప్పుడో ఆ తుప్పును తుడవకుండా పైనే బిగించారు. డిస్కు ఇసుమంత ఏటవాలుగా కూర్చుంది. వేల కిలోమీటర్ల పరుగులో ప్రతి చుట్టుకూ ఒకేచోట ప్యాడును రాసుకుని, అక్కడ అరిగింది. చక్రం నట్లను ఎగుడుదిగుడుగా బిగించినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు ఆ తుప్పును గీకకుండా కొత్త డిస్కులు వేసి ఉంటే? కొన్నాళ్లు బాగానే ఉండి, మళ్లీ అదే వణుకు మొదలయ్యేది. డబ్బు ఖర్చయ్యేది, రోగం మిగిలేది.

హబ్బును శుభ్రం చేసి బిగించాక ఊగులాట 0.03కు దిగింది. తరువాత లేతు మీద వైపుకు పదోవంతు మిల్లీమీటరు చొప్పున కోత పెట్టారు. డిస్కు 21 మి.మీ. వద్ద నిలిచింది. ప్యాడ్లలో దళసరి తగినంత ఉండటంతో వాటి ముఖం కాస్త రుద్ది అవే వేశారు. మాష్టారు బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చారు. వణుకు లేదు. ఖర్చు లేతు కూలి, విప్పి బిగించిన కూలి మాత్రమే.

గీతలు, తుప్పు, పగుళ్లు

డిస్కు మీద గ్రామఫోను రికార్డులాంటి సన్నని గీతలు ఉండటం సహజం. గోరు గట్టిగా తట్టుకుని ఆగేంత లోతు గాడి పడితేనే ఆలోచించాలి. అప్పుడు గాడి అడుగున మందం ఎంతో చూడాలి. వానలో తడిసిన బండికి తెల్లవారేసరికి డిస్కు మీద ఎర్రని తుప్పు పొర కనిపిస్తుంది. నాలుగుసార్లు బ్రేకు వేస్తే అది పోతుంది. దానికి బెదరనక్కరలేదు. నెలల తరబడి కదలని బండిలో తుప్పు గుంటలు పడి పొరలుగా లేస్తే మాత్రం అది చెడినట్టే.

పగుళ్ల విషయంలో రాజీ లేదు. ఉపరితలం మీద వెంట్రుకవాసి వేడి గీతలు ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. గోరు దిగే పగులైనా, అంచుదాకా పాకిన పగులైనా కొలతతో పనిలేదు, డిస్కు పారవేయవలసిందే. నీలి మచ్చలు విపరీతంగా కాగిన గుర్తు. ఆ చోట్ల ఇనుము గట్టిపడి, పైపైన కోత పెట్టినా కొద్దికాలానికి మళ్లీ వణుకు తెస్తుంది.

తప్పు డిస్కుది కాకపోవచ్చు

కీచుమనే సన్నని చప్పుడు తరచు ప్యాడు అరిగిందని చెప్పడానికి పెట్టిన రేకు ముక్క చేసే హెచ్చరిక. ప్యాడు మందు మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చుకోవడం మేలు. బండి ఒక పక్కకు లాగితే క్యాలిపర్, బ్రేకు గొట్టం, టైర్ల గాలి చూడాలి. పెడలు స్పంజిలా మెత్తగా ఉంటే ఆయిల్లో గాలి చేరి ఉండవచ్చు. వీటిలో దేనికీ కొత్త డిస్కు మందు కాదు.

టాక్సీ సంగతి అందుకు భిన్నం. లోపలి ప్యాడు మందు పూర్తిగా అరిగి ఇనుప రేకు డిస్కును గీస్తోంది. బయటి ప్యాడు సగం కూడా అరగలేదు. క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోవడమే కారణం. కొలిస్తే ఆ డిస్కు 19.7, రెండో వైపుది 20.1. హద్దు 20.

"లేతు పట్టించి సర్దెయ్ బాబాయ్" అన్నాడు డ్రైవరు.

"హద్దు దాటిన దాన్ని ఇంకా చెక్కితే ఏం మిగుల్తుంది తమ్ముడూ? రేపు నీ బండిలో బడి పిల్లలు కూర్చుంటారు" అని మేస్త్రీ మైక్రోమీటరును అతని చేతికే ఇచ్చారు. అంకె తానే చదువుకున్నాక డ్రైవరు మరి మాట్లాడలేదు. మధ్యాహ్నం కిరాయి వేరొకరికి చెప్పి, రెండు వైపులా డిస్కులు, ప్యాడ్లు మార్పించుకున్నాడు. రెండో డిస్కులో పదోవంతు మిల్లీమీటరే మిగిలింది. ఒక వైపే కొత్తది వేస్తే రెండు వైపులా పట్టు సమంగా ఉండదు గనుక జతగానే మార్చాలి. పిన్నులను శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు పెట్టారు. నెల రోజుల క్రితమే ఆ పిన్నులు చూపించి ఉంటే ప్యాడ్లతో పోయేదని తరువాత అతనే నొచ్చుకున్నాడు.

కొత్తవి వేశాక, ఘాటు దిగేటప్పుడు

కొత్త డిస్కు తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేకు క్లీనరుతో తుడిచాకే బిగించాలి. నట్లను ఎదురెదురుగా, టార్కు రెంచితో బిగించాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అవసరమైతే తప్ప హఠాత్తు బ్రేకులు వేయరాదు.

తిరుమల వంటి ఘాటు దిగేటప్పుడు కాలు పెడలు మీదే ఉంచడం డిస్కుకు శత్రువు. ఎక్కిన గేరులోనో, అంతకు తక్కువ గేరులోనో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. దిగిన వెంటనే కాగిన చక్రాల మీద చన్నీళ్లు కొట్టడం మరీ ప్రమాదం.

బిల్లు కట్టేముందు

డిస్కులు మార్చాలని ఎవరు చెప్పినా యజమాని నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. దీని హద్దు ఎంత? ఇప్పుడు కొలత ఎంత? చుట్టూ మందంలో తేడా ఎంత? ఊగులాట ఎంత? నాలుగు అంకెలూ కాగితం మీద రాసివ్వమనాలి. పాత సామాను తిరిగి ఇమ్మనాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదుకు దారి ఉంది. 1915 నంబరుకు ఫోను చేస్తే సలహా దొరుకుతుంది. అయితే అక్కడికి వెళ్లవలసి వచ్చినా చేతిలో బిల్లు, ఆ నాలుగు అంకెల కాగితం ఉంటేనే మాటకు బలం.

అడిగితే మెకానిక్కుకు కోపం వస్తుందేమోనని సంకోచం అక్కరలేదు. పని తెలిసినవాడు కొలత చూపడానికి వెనుకాడడు. ఆ ఉదయం షెడ్డు నుంచి మాష్టారు పాత డిస్కులతోనే వెళ్లారు. టాక్సీ డ్రైవరు కొత్త డిస్కులతో వెళ్లాడు. ఇద్దరూ చేతికి నల్లమసి అంటించుకుని, తమ అంకెలు తామే చదువుకుని మరీ వెళ్లారు.