పడమటి ఎండకు పందిరి

మన తెలుగువారు ఈ దక్షిణాదిని స్థిరపడి ఎన్నో తరాలు గడిచినవి. కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల పాత ఇళ్లలో వీధి అరుగు, కిందికి వంగిన చూరు, పెరటిలో వేపచెట్టు ఉండేవి. గోడకు ఎండ తగలనీయకుండా మన పెద్దలు చేసికొన్న ఏర్పాటు అది. నేడు వాటిని తీసివేసి కాంక్రీటు పెట్టెలు కట్టించుకొంటున్నాము. పగలంతా కాగిన గోడ రాత్రి సెగలు కక్కుతుంటే పసిపిల్లలకు, వృద్ధులకు నిద్ర పట్టదు. ఏసీ పెట్టుకొన్నవారికి కరెంటు బిల్లు పట్టుకొంటుంది.

ఇల్లు కట్టించేవారు ముందుగా సూర్యుని నడక తెలిసికోవాలి. తూత్తుకుడి భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 9 డిగ్రీలలో ఉన్నది. అందుచేత ఏప్రిల్ నడుమ నుండి ఆగస్టు చివరి దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరపు వైపున ఉంటాడు. దక్షిణపు కిటికీకి నీడ చాలునన్న చలిదేశాల సూత్రం మనకు చాలదు.

అయితే ఉత్తర దక్షిణాల ఎండను ఆపడం తేలిక. మే నెల మధ్యాహ్నం ఉత్తరపు గోడకు ఒక్క అడుగు చజ్జా ఉంటే నీడ ఆరడుగుల వరకు దిగుతుంది. చిక్కంతా పడమటి ఎండతోనే. సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు బాగా వాలిపోతాడు. రెండడుగుల చజ్జా ఉన్నా నీడ అడుగు పైచిలుకు మాత్రమే. అక్కడ వసారా, తాటాకు పందిరి, వెదురు తడిక, లేదా కానుగ చెట్టు కావాలి. నీడ ఎప్పుడూ కిటికీకి వెలుపలనే ఉండాలి. లోపలి తెర వెలుతురును ఆపుతుందే కాని, అద్దం దాటి వచ్చిన వేడిని బయటికి పంపలేదు.

నీడ కోసం గాలిని మూయరాదు. తూత్తుకుడి ఉక్కలో చెమట ఆరాలంటే గాలి ఆడవలసిందే. తూర్పు సముద్రపు గాలికి దారి విడవాలి. తడిపిన వట్టివేళ్ల తడికలు పొడిగాలి వీచే లోపలి ఊళ్లలో పనిచేస్తాయి. తేమగాలిలో వాటి చలువ తక్కువ. కయత్తారు గాలిమరలను తిప్పే పడమటిగాలి కోవిల్‌పట్టివారికీ కావలసినదే కనుక, పడమట గోడ మూయక సందులున్న తడిక కట్టడం మేలు.

2018లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఎకో నివాస్ సంహిత, గోడలు కిటికీల ద్వారా లోనికి వచ్చే వేడికి చదరపు మీటరుకు సగటున 15 వాట్ల హద్దు పెట్టింది. ఆ లెక్కలో కిటికీ పైని చజ్జాకూ చోటున్నది. పెద్దల చూరుకు శాస్త్రం కూడా విలువ కట్టినదన్నమాట.

కొత్త ఇల్లు తలపెట్టిన మన కుటుంబాలకు మా మనవి ఒక్కటే: మేస్త్రీతో గదుల లెక్క మాట్లాడే రోజుననే పడమటి నీడ మాట కూడా తేల్చుకోండి. కట్టిన ఇంట్లో ఉన్నవారు ఈ వానలకే పడమట ఒక మొక్క నాటండి.