పాలు పిలిస్తే వస్తాయి

పాలలో ఏయే పోషకాలుంటాయో మన సైన్సు పుస్తకంలో చదివాం. కానీ పాలు ఒకసారి ఎందుకు వస్తాయి, ఒకసారి ఎందుకు రావు అన్నది నాకు వేసవి సెలవుల్లో తెలుసుకోవలసి వచ్చింది. అదే రాస్తున్నాను.

సెలవుల్లో మా అక్కకి పాప పుట్టింది. మొదటిరోజు చిక్కగా, పసుపుపచ్చగా కొన్ని చుక్కలే వచ్చాయి. మా అమ్మమ్మ "ఇవి చెడ్డపాలు, పిండి పారబోయండి. పిల్లకి పంచదార నీళ్ళు పట్టండి. మూడోరోజుకి పాలు పడతాయిలే" అన్నది. అక్క ఏడుపు, పాప ఏడుపు. ఇంతలో నర్సమ్మ వచ్చి "ఏమీ పారబోయొద్దు, ఏమీ పట్టొద్దు. పిల్ల చీకితేనే పాలు వస్తాయి" అని పాపని అక్క రొమ్ముకి పెట్టించింది.

పాలు లేనిచోట చీకితే పాలెలా వస్తాయి? బడి తెరిచాక మా సైన్సు సారుని ఇదే అడిగాను. ఆయన చెప్పింది ఇదీ.

మన మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి ఉంది. పేరు పీయూష గ్రంథి. పీయూషం అంటే అమృతం. ఈనిన ఆవు జున్నుపాలకి కూడా ఆ మాట ఉందట. ఈ గ్రంథి హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. హార్మోను అంటే ఒకచోటి నుండి ఇంకోచోటికి రక్తంలో పోయే కబురు అనుకోండి.

తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు రొమ్ములో పాల తిత్తులను పెంచుతాయి. ఆ తిత్తులు నేరేడుపళ్ళ గుత్తిలా ఉంటాయి. కానీ పాలు బాగా పడకుండా ప్రొజెస్టిరానే అడ్డుకుంటుంది. కాన్పయి మాయ పడిపోగానే అది తగ్గిపోతుంది. అడ్డు తొలగి 2, 3 రోజుల్లో పాలు ఎక్కువవుతాయి. అంటే అమ్మమ్మ చెప్పిన మూడోరోజు లెక్క తప్పేమీ కాదు. అయితే అది సగమే.

మిగతా సగం బిడ్డ పని. బిడ్డ చీకగానే ఆ కబురు నరాల ద్వారా తల్లి మెదడుకి పోతుంది. అప్పుడు రెండు హార్మోన్లు బయలుదేరతాయి. ప్రొలాక్టిన్ పాలను తయారుచేయిస్తుంది. రాత్రిపూట ఇది ఎక్కువ. ఆక్సిటోసిన్ తిత్తులను నొక్కి పాలను బయటికి తోస్తుంది. ఈ ఆక్సిటోసిన్‌ను 1953లో అమెరికాలో డూ విన్యో అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారుచేశాడు. ఆయనకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆక్సిటోసిన్ పని మీరు కంటితో చూడవచ్చు. మన బడి దారిలో ఒక తాత ఆవుని పిండుతాడు. ముందు దూడని వదులుతాడు. అది పొదుగు కుమ్ముతుంది. ఒక నిమిషానికి చన్నులు బిర్రుగా అవుతాయి. "చేపింది" అంటాడు తాత. చేపడం అంటే ఆక్సిటోసిన్ వచ్చిందన్నమాట! దాని బలం కొద్ది నిమిషాలే. అందుకే తాత అప్పుడు ఎవరితోనూ మాట్లాడకుండా గబగబా పిండుతాడు.

భయపడిన ఆవు చేపదు. 1941లో అమెరికాలో ఎలీ, పీటర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఆవుల దగ్గర కాగితం సంచులు పగలగొట్టి బెదరగొట్టి చూశారు. పాలు సరిగా దిగలేదు. భయంలో పుట్టే అడ్రినలిన్ ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుంది. మనుషుల్లోనూ అంతే. బాలింతని అరిచి కంగారు పెడితే పాలు దిగడం ఆలస్యమవుతుంది.

ఇంకో సంగతి. రొమ్ములో పాలు నిలవుండిపోతే తయారీ తగ్గిపోతుంది. ఖాళీ అయితే మళ్ళీ నిండుతుంది. ఇప్పుడు లెక్క వేయండి. పంచదార నీళ్ళు పడితే పిల్ల కడుపు నిండుతుంది. ఇక చీకదు. చీకకపోతే కబురు పోదు. పాలు తగ్గుతాయి. అప్పుడు అందరూ "తల్లికి పాలు లేవు" అంటారు. లేకుండా చేసింది మనమే!

ఆ పసుపు పాలు ముర్రుపాలు. రోగాలను ఆపే శక్తి వాటిలో చాలా ఉంది. మొదటిరోజు పాపకి ఒక్కో తడవకి చెంచాడు సరిపోతాయి. కొంచెమే వచ్చాయని భయపడనక్కరలేదు.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళేసరికి పాపకి 5 నెలలు. తల్లిపాలతోనే బొద్దుగా ఉంది. మా అమ్మమ్మ ఆవుపాలు ముట్టదు, అవి దూడవి అంటుంది. నేను అడిగాను, "అమ్మమ్మా, దూడ పుట్టిన కాసేపటికే లేచి జున్నుపాలు కుడుస్తుంది గదా. దానికెవరైనా పారబోసి పంచదార నీళ్ళు పడతారా?" అమ్మమ్మ నవ్వి, "దాన్నెందుకు ఆపుతాం, దాని పాలు దానివి" అన్నది. "మరి పాపవి?" అన్నాను. అమ్మమ్మ ఏమీ అనలేదు.

ఆ రాత్రి అమ్మ నాతో, "నాకు పాలు లేవన్నారే. నీకు మేకపాలే పట్టాను. నాలోనే ఏదో లోపం అనుకున్నాను" అన్నది. అమ్మలో లోపమేమీ లేదు. నన్ను చీకనివ్వలేదు, అంతే. ఆ మాట ఆమెకి అప్పుడు ఎవరూ చెప్పలేదు.

మిత్రులారా! మన ఇళ్ళల్లో అక్కలు, వదినెలు ఉన్నారు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మూడు మాటలు చెప్పండి. పుట్టిన గంటలోపే పిల్లకి రొమ్ము పట్టాలి. ముర్రుపాలు పారబోయకూడదు. 6 నెలలు నిండేదాకా నీళ్ళు కూడా వద్దు, తల్లిపాలే చాలు. పిల్ల బాగా తాగలేకపోతే వెంటనే నర్సమ్మకి చూపించాలి.

— 9వ తరగతి విద్యార్థిని