నీళ్లు మారాయి, పరిశోధన మన చేతికి రావాలి

నల్లగొండ జబ్బును ఏడు దశాబ్దాలుగా బయటి సంస్థలు చదివాయి. మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చిన తర్వాతి కథను చదవాల్సింది ఇక్కడి విశ్వవిద్యాలయాలే.

నల్లగొండ పేరు వైద్య గ్రంథాలకెక్కింది ఫ్లోరోసిస్ అనే ఒక జబ్బు వల్ల. తాగే నీటిలోని ఫ్లోరైడ్ మనిషి ఎముకలను ఎలా బిగదీస్తుందో 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు ప్రాంతపు రోగులను పరీక్షించి పరిశోధకుడు షార్ట్ బృందం వివరించింది. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇక్కడి పల్లెల్లో కనిపించిన మరో రూపాన్ని, మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే వైకల్యాన్ని, లాన్సెట్ పత్రికలో నమోదు చేశారు. అదే దశాబ్దంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెడితే అది టాంజానియా దాకా వెళ్లింది. ఇంత చరిత్రలో జిల్లా తన నీటిని, మూత్రం నమూనాలను, ఎక్స్‌రేలను ఇచ్చింది. ప్రశ్న వేయడం, జవాబు రాయడం మాత్రం బయటే జరిగాయి. నాడు ఇక్కడ విశ్వవిద్యాలయం లేదు కాబట్టి అది తప్పని స్థితి. నేడు ఆ సాకు చెల్లదు.

ఆ పరిశోధనలు నేర్పిన పాఠం ఒకటుంది. ఈ జబ్బు నీటితో మొదలవుతుంది కానీ నీటితోనే ఆగదు. ఇక్కడి గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, నీటిలో కాల్షియం తక్కువ. అందుకే బోరు లోతుకు పోయినకొద్దీ ముప్పు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము మించకూడదు, మరో దారి లేకుంటే ఒకటిన్నర వరకే. అయినా ఒకే బావి నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరి కాళ్లే ఎందుకు వంగాయి? పోషకాహార సంస్థ తిండి వైపు చూసింది. నాగార్జునసాగర్ తర్వాత భూగర్భ జలమట్టం పెరిగి, జొన్నలో మాలిబ్డినం ఎక్కువై, ఒంట్లో రాగి తగ్గి ఉండవచ్చని ఊహించింది. తర్వాత కాల్షియం లోటు మీద, ఫ్లోరైడ్‌ను మూత్రం ద్వారా బయటికి పంపడంలో చింతపండు పాత్ర మీద అక్కడే పరిశోధనలు సాగాయి. రాయి, నీరు, పంట, కూలి, కంచంలోని గటక అన్నీ కలిసి చేసే జబ్బు ఇది. నాలుగు రోజులు మకాం వేసి పోయే బృందానికి ఇది సగమే అర్థమవుతుంది. ఏడాది పొడుగునా ఊళ్లో ఉండేవారికే మిగతా సగం దొరుకుతుంది.

భగీరథ నీళ్లు వచ్చాక ఇంకా పరిశోధన దేనికన్నది ఈ ప్రతిపాదనకు మొదటి అభ్యంతరం. 2016లో మొదలైన మిషన్ భగీరథ కృష్ణా నీటిని ఈ పల్లెలకు తెచ్చింది. తెలంగాణ రాష్ట్రంలో ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రం లెక్కలే చెప్పాయి. ఇది చిన్న విజయం కాదు. అయితే ఆ విజయానికి శాస్త్రీయ రుజువు దొరికే కాలం కూడా ఇదే. పిల్లల ముందరి శాశ్వత దంతాల పింగాణీ పొర పుట్టాక తొలి నాలుగైదేళ్లలో ఏర్పడుతుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఆ పళ్లు బయటికి వస్తాయి. అంటే పసితనంలో తాగిన నీటి చరిత్రను ఆ పళ్లే చెబుతాయి. భగీరథ తర్వాత పుట్టినవారు ఇప్పుడు ప్రాథమిక బడుల్లో ఉన్నారు. అదే ఇంట్లో ముందు పుట్టిన అన్నల, అక్కల పళ్లతో వీరి పళ్లను పోల్చిచూస్తే పథకం ఎక్కడ ఫలించిందో, ఎక్కడ జనం ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారో ఊరూరా తేలుతుంది. ఆలస్యమైతే పెద్ద పిల్లలు చదువులకు, పెళ్లిళ్లకు చెదిరిపోతారు. ఆ పోలిక మళ్లీ కుదరదు.

మరోవైపు, ఇప్పటికే వంగిన ఎముక మంచినీళ్లతో నిటారు కాదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటపడుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు నడివయసు దాటినవారికి నొప్పి నుంచి ఉపశమనం, కిడ్నీల పరీక్ష, కాల్షియం, విటమిన్ డి ఎంతవరకు మేలు చేస్తాయో ఎవరో ఒకరు ఓపిగ్గా అనుసరించి చూడాలి. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ప్రశ్న ఇంకాస్త చిక్కు. పిల్లల్ని వెంటబెట్టుకుని వలసపోయే కూలీలు ఏడాదిలో కొన్ని నెలలు ఏ నీళ్లు తాగుతున్నారో ఊరి నల్లా చెప్పలేదు. మనుషులతో పాటు కదిలే అధ్యయనమే దీన్ని పట్టుకోగలదు.

హైదరాబాద్ పక్కనే ఉండగా చిన్న విశ్వవిద్యాలయాలకు ఈ బరువు ఎందుకు, వాటికి అధ్యాపకులే సరిపోవడం లేదు కదా అన్నది రెండో అభ్యంతరం. కొరత నిజమే. కానీ ఈ పనికి ముందుగా కావలసింది కోట్ల విలువ చేసే యంత్రాలు కాదు. నీటిలో, మూత్రంలో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ మీటరు మామూలు రసాయనశాలలో ఇమిడేది. పళ్ల మరకలను అంచనా వేసే డీన్ సూచిక 1942 నుంచీ వాడుకలో ఉంది. నల్లగొండలో 2007లో వచ్చిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో వచ్చిన పాలమూరు విశ్వవిద్యాలయం, రెండు పట్టణాల్లోని ప్రభుత్వ వైద్య కళాశాలలు, 2019లో తరగతులు మొదలైన బీబీనగర్ ఎయిమ్స్ పని పంచుకుంటే చాలు. పరీక్షలు రసాయనశాస్త్ర విభాగానివి, రోగుల బాధ్యత వైద్య కళాశాలది, దీర్ఘకాల నమోదు ఎయిమ్స్‌ది. పోషకాహార సంస్థ మార్గదర్శిగా నిలవాలి. చౌటుప్పల్ దగ్గర ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం పెడతామన్న మాట ఏళ్లుగా నానుతూ వచ్చింది. కొత్త భవనం కోసం ఆగకుండా ఉన్న భవనాల్లోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. సర్వేలతో జనం విసిగిపోయారు. ఫొటోలు తీసుకున్నవారే గానీ ఫలితం చెప్పినవారు తక్కువ. ఈ విసుగు న్యాయమైనదే. దానికి జవాబు పరిశోధన మానేయడం కాదు, పద్ధతి మార్చడం. నమూనా ఇచ్చిన ప్రతి ఇంటికీ దాని ఫలితం తెలుగులో, రాతపూర్వకంగా అందాలి. ఊరి మొత్తం లెక్కను గ్రామసభలో చదివి వినిపించాలి. లోపం తేలినచోట నల్లా బాగుచేయించే బాధ్యత అధికారుల మీద పడాలి. బయటి సంస్థ వ్యాసం అచ్చయ్యాక వెళ్లిపోగలదు. జిల్లా విశ్వవిద్యాలయం వెళ్లలేదు. అందులో చదివేది ఆ ఊళ్ల పిల్లలే, వారి తల్లిదండ్రులు అడిగితే జవాబు చెప్పుకోవాల్సిందే. ఈ పనిని జిల్లాకే అప్పగించాలనడానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు. ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లో కనీసం పదేళ్ల నిధికి హామీ ఇవ్వాలి. విశ్వవిద్యాలయాలు ఈ విద్యా సంవత్సరంలోనే బడుల్లో పళ్ల పరీక్షలు మొదలుపెట్టాలి.