బోస్టన్ టంకశాల (1652–1682): వలసనేలపై వెండి నాణెం, రాజాధికార ప్రశ్న

ప్రవేశిక

నాణెం ముద్రించే హక్కు రాజుది. ఈ సూత్రం ఐరోపాలోనూ భారతదేశంలోనూ ఒకే విధంగా చెల్లింది. రాజు స్వయంగా ముద్రించవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు, సామంతునికి అనుగ్రహించవచ్చు. అతని పేరు లేకుండా, అతన్ని అడగకుండా వెండి నాణెం అచ్చువేయడం మాత్రం రాజద్రోహంతో సమానమైన నేరంగా పరిగణింపబడింది. అయినా 1652 మే నెలలో మసాచుసెట్స్ బే వలసరాజ్యపు శాసనసభ బోస్టన్ పట్టణంలో ఒక టంకశాల నెలకొల్పాలని చట్టం చేసింది. ఇంగ్లండును అనుమతి కోరలేదు. ఆ టంకశాల ముప్పై సంవత్సరాలు పనిచేసింది. ఆ చర్యకు దారితీసిన ఆర్థిక పరిస్థితులను, నాణెపు తూనికలో దాగిన లెక్కను, దానిపై రేగిన వివాదాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నాణెం లేని విపణి

వలస వచ్చినవారు తమతో తెచ్చుకున్న ఇంగ్లీషు నాణేలు ఎక్కువకాలం నిలవలేదు. ఇనుప పనిముట్లు, బట్టలు, మందుగుండు అన్నీ ఇంగ్లండు నుండే రావాలి. వాటి వెల చెల్లించడానికి నాణెం తిరిగి ఓడ ఎక్కేది. ఇంగ్లండు చట్టం తన నాణేన్ని దేశం దాటనిచ్చేది కాదు కనుక, పోయినదాని స్థానంలో కొత్తది వచ్చే మార్గం కూడా లేదు. అందువల్ల పన్నులు మొక్కజొన్నతోనూ పశువులతోనూ చెల్లేవి. స్థానిక తెగలు గుల్లలతో చేసే పూసలకు, అంటే వాంపమ్‌కు, చట్టబద్ధమైన మారకపు విలువ ఏర్పడింది. మన పల్లెల్లో గవ్వ చిల్లరగా చెల్లిన కాలాన్ని గుర్తుచేసే ఏర్పాటు ఇది. 1635లో తుపాకి గుండు ఒక్కొక్కటి ఫార్దింగు, అనగా పావు పెన్నీ, విలువకు చెల్లాలని, ఒక లావాదేవీలో పన్నెండు పెన్నీలకు మించి గుండ్లు ఇవ్వరాదని శాసించారు.

1640ల నాటికి పరిస్థితి మారసాగింది. ఎండుచేపలు, కలప, ధాన్యం వెస్టిండీసు చెరకు దీవులకు ఎగుమతి కాగా, బదులుగా స్పానిష్ వెండి నాణేలు బోస్టన్‌కు చేరాయి. ఎనిమిది రియాళ్ల ఆ పెద్ద నాణేలు సుత్తితో కొట్టిన ముక్కలు. అంచు సమంగా ఉండదు కాబట్టి ఎంత కత్తిరించారో చూపుకు తెలియదు. పైగా 1649లో పొటోసి టంకశాలలోని మోసం బయటపడింది. అక్కడి అధికారులు సంవత్సరాలపాటు వెండిలో రాగి ఎక్కువగా కలిపి ముద్రించారని తేలడంతో పెరూ నాణెం ప్రపంచమంతటా అనుమానాస్పదమైంది. అంటే బోస్టన్ వర్తకుని సమస్య వెండి కొరత మాత్రమే కాదు. చేతిలో ఉన్న వెండిని నమ్మలేకపోవడం కూడా. ఈ రెండవ అంశాన్ని విస్మరిస్తే టంకశాల స్థాపన కేవలం రాజకీయ ధిక్కారంగా కనిపించే ప్రమాదం ఉంది.

టంకశాల, దాని పనివారు

టంకశాల బాధ్యత జాన్ హల్ అనే కంసాలికి దక్కింది. పదేళ్ల వయసులో ఇంగ్లండు నుండి వచ్చి బోస్టన్‌లోనే పని నేర్చుకున్నవాడు అతడు. లండన్‌లో శిక్షణ పొందిన రాబర్ట్ శాండర్సన్‌ను భాగస్వామిగా ఎంచుకున్నాడు. పదహారు అడుగుల చదరం, పది అడుగుల ఎత్తు గల కట్టడం ప్రజాధనంతో లేచింది. వలసరాజ్యపు సార్వభౌమత్వ వివాదమంతా ఒక గది ఇంట్లో ఇమిడిందనాలి.

ప్రజలు తెచ్చిన వెండిని మూసలో కరిగించి, సీసంతో పుటం పెట్టి పరీక్షించి, స్టెర్లింగు స్వచ్ఛతకు, అనగా వెయ్యికి 925 పాళ్లకు, సరిచేసేవారు. ఆపై రేకులు సాగదీసి, బిళ్లలుగా కత్తిరించి ముద్ర వేసేవారు. ముద్రించిన ప్రతి ఇరవై షిల్లింగులకు ఒక షిల్లింగు కూలి అని చట్టం నిర్ణయించింది. తరుగు లెక్క వేరు. ఈ కూలి మితిమీరినదని తరువాత శాసనసభకే అనిపించి, ఒప్పందాలను మళ్లీ మళ్లీ సవరించింది.

తొలి నాణేల మీద ఒకవైపు న్యూ ఇంగ్లండును సూచించే రెండు అక్షరాలు, మరోవైపు పెన్నీల సంఖ్య రోమన్ అంకెల్లో, అంతే. మిగిలిన ఉపరితలం నున్నగా ఉండడంతో అంచు గీరేవారికి పని సులువైంది. కొద్ది నెలల్లోనే, అదే సంవత్సరం అక్టోబరులో, అంచు చుట్టూ వలయాలు, వలసరాజ్యపు పేరు, మధ్య ఒక చెట్టు ఉండాలని ఆదేశించారు. నాణేలను సేకరించేవారు ఈ చెట్లను కాలక్రమంలో విల్లో, ఓక్, పైన్ అని మూడు రకాలుగా వర్గీకరించారు.

హల్ కుమార్తె హన్నా పెళ్లికి ఆమె తూకానికి సరితూగే పైన్ షిల్లింగులు కట్నమిచ్చారన్న కథ హాథార్న్ రచన వల్ల ప్రసిద్ధమైంది. వాస్తవంగా ఇచ్చినది 500 పౌండ్లు, అదీ వాయిదాల్లో. అయితే 500 పౌండ్లంటే 10,000 షిల్లింగులు, తూకంలో సుమారు 46 కిలోలు. కథకుడు వాస్తవానికి మరీ దూరం పోలేదు.

తూనికలోని యుక్తి

టంకశాల చట్టంలోని అసలైన ఆలోచన చెట్టులో కాదు, తూనికలో ఉంది. ఇంగ్లీషు షిల్లింగు సుమారు 93 గ్రెయిన్లు. బోస్టన్ షిల్లింగు 72 గ్రెయిన్లు మాత్రమే. స్వచ్ఛత రెంటిలోనూ ఒకటే. అంటే పేరు అదే, వెండి మాత్రం నూటికి ఇరవైరెండున్నర పాళ్లు తక్కువ.

దీని ఫలితాన్ని వర్తకుని దృష్టితో లెక్కించి చూడవచ్చు. పూర్తి తూకం గల ఎనిమిది రియాళ్ల నాణెంలో మేలిమి వెండి సుమారు 388 గ్రెయిన్లు. దాన్ని ఇంగ్లీషు నాణెంగా మారిస్తే నాలుగున్నర షిల్లింగులు వస్తాయి. హల్ టంకశాలకు ఇస్తే దాదాపు అయిదు షిల్లింగుల పది పెన్నీలు. కూలి పోగా అయిదున్నర. కనుక వెండి టంకశాలకు రావడానికి ప్రేరణ ఉంది. అదే సమయంలో ఆ నాణేన్ని లండన్‌కు పంపితే అక్కడ దాన్ని తూకానికే తీసుకుంటారు కాబట్టి పంపినవాడికి నష్టం. నాణేన్ని ఊళ్లోనే నిలపడానికి దాన్ని తేలిక చేశారన్నమాట.

ఈ యుక్తి పూర్తిగా ఫలించిందా? లేదనే చెప్పాలి. 1654లోనే నాణెపు ఎగుమతిని నిషేధిస్తూ, ప్రయాణపు ఖర్చుకు ఇరవై షిల్లింగుల వరకు మాత్రమే అనుమతిస్తూ మరో చట్టం చేయవలసి వచ్చింది. తేలిక నాణెం దానంతట అదే నిలిచి ఉంటే ఈ నిషేధం అక్కరలేదు. దిగుమతులు ఎగుమతులను మించినంతకాలం వెండి ఏ రూపంలో ఉన్నా బయటికే ప్రవహిస్తుంది. ధరలు కూడా తేలిక షిల్లింగుకు తగినట్లు పెరగక తప్పలేదు. అయినా 1661లో వాంపమ్ చట్టబద్ధతను రద్దుచేయగలిగారంటే విపణిలో కొంతమేరకైనా వెండి నిలదొక్కుకుందని భావించవచ్చు.

తేదీ చిక్కు

ముప్పై ఏళ్లపాటు ముద్రించిన చెట్టు నాణేల్లో దాదాపు అన్నిటి మీదా 1652 అనే ఉంటుంది. 1649లో మొదటి చార్లెస్ శిరచ్ఛేదం తరువాత, 1660లో రెండవ చార్లెస్ సింహాసనం ఎక్కేవరకు ఇంగ్లండులో రాజు లేడు. అందుచేత, రాజు లేని కాలంలోనే ఇవన్నీ ముద్రించామని బుకాయించడానికే పాత తేదీని కొనసాగించారన్న వివరణ విస్తృతంగా ప్రచారంలో ఉంది. వినడానికి రంజుగా ఉన్నా ఇది నిలవదు. 1662లో ప్రవేశపెట్టిన రెండు పెన్నీల నాణెం మీద స్పష్టంగా 1662 అనే ఉంది. దాచాలనుకున్నవారు ఆ పని చేయరు. 1652 అనేది టంకశాలకు అధికారమిచ్చిన చట్టం తేదీ, 1662 రెండు పెన్నీల నాణేనికి అధికారమిచ్చిన చట్టం తేదీ అనుకోవడమే సమంజసం.

బోస్టన్, బొంబాయి, మద్రాసు

రాజరికం తిరిగివచ్చాక ఫిర్యాదులు మొదలయ్యాయి. 1665లో రాజప్రతినిధులు టంకశాల చట్టాన్ని తొలగించమన్నారు. 1676లో బోస్టన్ వచ్చిన ఎడ్వర్డ్ రాండాల్ఫ్ తన నివేదికల్లో నాణెం ముద్రణను వలసరాజ్యపు అపరాధాల్లో చేర్చాడు. మరుసటి సంవత్సరం శాసనసభ రాజును ప్రసన్నుని చేసుకొనేందుకు పది పీపాల క్రాన్‌బెర్రీలు, మూడువేల కాడ్ చేపలు కానుకగా పంపడానికి పూనుకుంది. టంకశాలను మాత్రం ఆపలేదు.

ఇక్కడ భారతదేశంతో ఒక పోలిక తప్పనిసరి. అదే 1676లో, అదే రెండవ చార్లెస్, ఈస్టిండియా కంపెనీకి బొంబాయిలో రూపాయలు ముద్రించుకొనే అధికారపత్రం ఇచ్చాడు. షరతు ఒక్కటే: ఇంగ్లండులో చెల్లే నాణేల పేర్లు వాటికి పెట్టరాదు. బోస్టన్ చేసిన తప్పు ఈ షరతు వెలుగులో స్పష్టమవుతుంది. అడగకపోవడం ఒక తప్పు, తక్కువ వెండికి షిల్లింగు అన్న పేరు పెట్టడం రెండవ తప్పు. మద్రాసులో కథ ఇంకో విధం. 1639లో తెలుగు నాయకుడు దామర్ల వేంకటాద్రి ఇచ్చిన పట్టాలోనే కంపెనీకి నాణెం ముద్రించుకొనే హక్కు ఉంది. ఆ హక్కుతో స్థానిక సంప్రదాయపు వరహాలు వెలిశాయి. వెండి రూపాయలకు 1692లో మొగలు రాజకుమారుడు కాంబక్ష్ అనుమతి కావలసివచ్చింది. ఆనాటి మద్రాసు గవర్నరు ఎలిహు యేల్ పుట్టింది బోస్టన్‌లోనే కావడం కాకతాళీయం. వలసదారులు తూర్పున స్థానిక ప్రభువుల అనుమతితో, స్థానిక ముద్రతో నాణెం కొట్టారు. పడమట తమ ముద్ర తామే కల్పించుకున్నారు.

ముగిసిన తీరు

టంకశాలను రాజాజ్ఞ మూయించిందనుకోవడం పరిపాటి. కాలక్రమం దీన్ని సమర్థించదు. 1675లో కుదిరిన ఏడేళ్ల ఒప్పందం 1682లో ముగిసింది, దాన్ని ఎవరూ పొడిగించలేదు. అప్పటికి వెండి వెల పెరిగి, 72 గ్రెయిన్ల షిల్లింగుగా కొట్టించుకోవడంలో వర్తకునికి లాభం మిగలలేదు. హల్ 1683లో మరణించాడు. వలసరాజ్యపు అధికారపత్రం రద్దయింది 1684లో. టంకశాలను తిరిగి తెరవాలన్న ప్రతిపాదన 1686లో లండన్‌కు చేరినప్పుడు, ఇంగ్లీషు తూనికకు తగ్గిన నాణెం కూడదని అక్కడి టంకశాల అధికారులు అడ్డుచెప్పారు. ఇంగ్లీషు తూనికతో కొడితే అది బోస్టన్‌లో నిలవదు. అలా ఆ ప్రతిపాదన వీగిపోయింది. 1690లో క్విబెక్ దండయాత్ర నుండి ఉత్తచేతులతో తిరిగివచ్చిన సైనికులకు జీతాలివ్వడానికి వెండి లేకపోవడంతో, మసాచుసెట్స్ ప్రభుత్వం కాగితపు నోట్లు అచ్చువేసింది.