అనీసుర్ రహ్మాన్ బహుమతి

అనీసుర్ రహ్మాన్ బహుమతి గణన భౌతికశాస్త్రంలో విశిష్టమైన కృషి చేసిన శాస్త్రజ్ఞులకు అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఏటా ప్రదానం చేసే పురస్కారం. దీనిని 1992లో ఐ.బి.ఎం. సంస్థ తోడ్పాటుతో నెలకొల్పారు. తొలి బహుమతిని 1993లో కెన్నెత్ విల్సన్ అందుకున్నారు. హైదరాబాదులో జన్మించిన భౌతిక శాస్త్రవేత్త అనీసుర్ రహ్మాన్ (1927 – 1987) స్మృత్యర్థం దీనికి ఆ పేరు పెట్టారు. ఈ రంగంలో అమెరికాలో ఇచ్చే అత్యున్నత పురస్కారాలలో ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన ఒక అధ్యాపకుని పేరు మీద ఉన్నదన్న సంగతి తెలుగు పాఠకులలో చాలా మందికి తెలియదు.

గణన భౌతికశాస్త్రం

భౌతికశాస్త్రంలో పూర్వం నుండి రెండు మార్గాలున్నాయి. ఒకటి కాగితం మీద సమీకరణాలు సాధించే సిద్ధాంత మార్గం, రెండవది ప్రయోగశాలలో కొలతలు తీసే మార్గం. సమీకరణం తెలిసినంత మాత్రాన దానిని సాధించగలమని కాదు. పరస్పరం ఆకర్షించుకొనే మూడు వస్తువుల చలనానికే సాధారణ సూత్రం రాయడం సాధ్యం కాదు. అటువంటప్పుడు కోటానుకోట్ల పరమాణువులున్న ఒక ద్రవ బిందువు సంగతి చెప్పనక్కరలేదు.

ద్రవం విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా ఉన్నది. వాయువులో పరమాణువులు దూరదూరంగా ఉంటాయి కనుక ఎక్కువ సేపు వాటి మధ్య బలాలను లెక్కలోకి తీసుకోనవసరం లేదు. స్ఫటికంలో అవి వరుస తప్పకుండా అమరి ఉంటాయి కనుక ఒక చిన్న భాగాన్ని తెలుసుకుంటే మిగిలినదంతా తెలిసినట్లే. ద్రవంలో పరమాణువులు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి, కాని వరుస ఉండదు. పై రెండు సౌకర్యాలూ లేని ఈ స్థితిని అర్థం చేసుకోవడానికి కంప్యూటరు ఒక మూడవ మార్గాన్ని చూపింది. ఆ మార్గమే గణన భౌతికశాస్త్రం.

అనీసుర్ రహ్మాన్

రహ్మాన్ 1927 ఆగష్టు 24న హైదరాబాదులో జన్మించారు. కేంబ్రిడ్జిలో గణితం, భౌతికశాస్త్రం చదివి, బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. స్వదేశానికి తిరిగివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలోను పనిచేశారు. 1960లో అమెరికాలోని షికాగో సమీపాన గల ఆర్గాన్ జాతీయ పరిశోధనశాలలో చేరి, పాతికేళ్ళ పాటు అక్కడే పరిశోధన సాగించారు. ఈ పరిశోధనశాల పేరుకు, ఆయనకు పేరు తెచ్చిన ఆర్గాన్ అనే వాయువుకు సంబంధం లేదు. తెలుగులో రాసినప్పుడు మాత్రం రెండూ ఒకేలా కనిపించి తికమక పెడతాయి. 1985లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. 1987 జూన్ 6న మరణించారు. 1977లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఆయనకు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ బహుమతినిచ్చి గౌరవించింది.

1964 నాటి పరిశోధన పత్రం

కంప్యూటరులో కణాలను కదిలించి చూడడం రహ్మాన్‌తో మొదలు కాలేదు. బెర్నీ ఆల్డర్, థామస్ వెయిన్‌రైట్‌లు 1957 నాటికే గట్టి గోళాల వంటి కణాలతో ఈ పని చేశారు. ఆ గోళాలు బిళ్ళల ఆటలో బిళ్ళల్లాగా తగిలినప్పుడు మాత్రమే ఒకదానినొకటి నెట్టుకుంటాయి. తాకనప్పుడు వాటి మధ్య ఏ బలమూ ఉండదు. నిజమైన పరమాణువులు అలా ఉండవు. కొంచెం దూరంలో ఉంటే మెల్లగా ఆకర్షించుకుంటాయి, మరీ దగ్గరైతే గట్టిగా వికర్షించుకుంటాయి. ఈ స్వభావాన్ని తెలిపే లెనార్డ్ - జోన్స్ సూత్రాన్ని తీసుకొని, ఒక నిజమైన ద్రవాన్ని కంప్యూటరులో తయారుచేయడం రహ్మాన్ సాధించిన ఘనకార్యం. ఫలితాలను 1964లో ఫిజికల్ రివ్యూ పత్రికలో ప్రచురించారు.

ఆయన 864 ఆర్గాన్ పరమాణువులను తీసుకున్నారు. ఉష్ణోగ్రత 94.4 కెల్విన్, అనగా సుమారు −179 డిగ్రీల సెల్సియస్. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.374 గ్రాములు. వాడినది సి.డి.సి. 3600 అనే కంప్యూటరు. పద్ధతి వినడానికి సులభమే. ప్రతి పరమాణువు మీద మిగిలినవి చూపే బలాలను లెక్కకట్టాలి. న్యూటన్ రెండవ సూత్రం ప్రకారం దాని త్వరణం కనుక్కోవాలి. అతి స్వల్పమైన కాలం గడిచాక ప్రతి పరమాణువు ఎక్కడ ఉంటుందో చూసి, మళ్ళీ బలాలను లెక్కకట్టాలి. ఆ స్వల్పకాలం సెకనులో వంద లక్షల కోట్లవ వంతు. 864 పరమాణువులలో జంటలు 3,72,816 ఉంటాయి కనుక, ఒక్కొక్క అడుగుకు ఎంత శ్రమో ఊహించవచ్చు. దూరాన ఉన్న జంటల మధ్య బలం దాదాపు శూన్యం కావడం వలన వాటిని వదిలివేసి ఈ శ్రమను తగ్గిస్తారు.

ఇంత చిన్న గుంపులో చాలా పరమాణువులు అంచుల వద్దనే ఉంటాయి. అంచు వద్ద ఉన్న పరమాణువు ద్రవం నడుమ ఉన్నదాని వలె ప్రవర్తించదు. అందువలన పరమాణువులున్న పెట్టెకు నలుదిక్కులా, పైనా క్రిందా దాని ప్రతిరూపాలే ఉన్నట్లు భావిస్తారు. ఒక గోడ నుండి బయటకు పోయిన పరమాణువు ఎదుటి గోడ నుండి లోపలికి వస్తుంది. దీనితో అంచు అనేదే లేకుండా పోతుంది.

లెక్కలో తేలిన పరమాణువుల అమరిక ప్రయోగాలలో కనిపించిన దానితో బాగా సరిపోయింది. పరమాణువులు ద్రవంలో ఎంత వేగంగా వ్యాపిస్తాయో తెలిపే వ్యాపన గుణకం ప్రయోగ విలువ కంటే 15 శాతం తక్కువ వచ్చింది. ఈ తేడాను ఆయన పత్రం సంగ్రహంలోనే స్పష్టంగా పేర్కొన్నారు. అంతకంటే ముఖ్యమైనది, పరమాణువు నడక గురించి తెలిసిన విషయం. తిరునాళ్ళ రద్దీలో ముందుకు అడుగువేసిన మనిషి ఎదుటివారికి తగిలి వెనక్కు నెట్టబడినట్లే, ద్రవంలోని పరమాణువు కూడా తన చుట్టూ ఉన్నవాటికి తగిలి కొంతసేపు వెనక్కు మళ్ళుతుంది. అటువంటి సూక్ష్మమైన కదలికలను నేరుగా వెంబడించి చూసే వీలు ఏ ప్రయోగశాలలోనూ లేదు. మాలిక్యులర్ డైనమిక్స్ పేరుతో ఈనాడు రసాయన, జీవ, పదార్థ శాస్త్రాలలో విరివిగా వాడుతున్న పద్ధతికి ఈ పత్రం పునాది వేసింది. అందుకే రహ్మాన్‌ను ఆ పద్ధతికి పితామహుడుగా పేర్కొంటారు.

తరువాతి కృషి

1971లో ఫ్రాంక్ స్టిలింజర్‌తో కలిసి 216 అణువులతో ద్రవరూపంలోని నీటిని అనుకరించారు. నీటి అణువు ఆర్గాన్ వలె గుండ్రనిది కాదు. దానికి దిశలుంటాయి, హైడ్రోజన్ బంధాలుంటాయి. అందుచేత ఇది ఎంతో కఠినమైన సమస్య. 1980లో మికేలె పరినెల్లోతో కలిసి మరొక పద్ధతిని కనుగొన్నారు. అంతవరకు పరమాణువులను ఉంచిన పెట్టె ఆకారం మారేది కాదు. వీరిద్దరు ఆ పెట్టెను కూడా పీడనాన్ని బట్టి సాగనిచ్చి, వంగనిచ్చారు. దీనితో ఒక స్ఫటికం మరొక రకం స్ఫటికంగా మారడం కంప్యూటరులో చూడగలిగారు. 1982లో డేవిడ్ కాలవేతో కలిసి మాలిక్యులర్ డైనమిక్స్ పద్ధతిని మౌలిక కణాల సిద్ధాంతానికి అన్వయించారు.

ప్రదాన విధానం

ఏ దేశానికి చెందిన శాస్త్రజ్ఞులైనా ఈ బహుమతికి అర్హులే. పరిశోధన ఏ దేశంలో జరిగిందన్న పట్టింపు లేదు. సాధారణంగా ఒకరికే ఇస్తారు, ఒకే కృషిలో పాలుపంచుకున్నవారికి ఉమ్మడిగా ఇవ్వడం కూడా ఉన్నది. గ్రహీతకు నగదు, ప్రశంసాపత్రం లభిస్తాయి. సొసైటీ సమావేశంలో గ్రహీత రహ్మాన్ ఉపన్యాసం చేస్తారు. ఇదే రంగంలో డాక్టరేటు సిద్ధాంత వ్యాసాలకు సొసైటీ ఇచ్చే నికొలస్ మెట్రోపొలిస్ పురస్కారం దీనికి భిన్నమైనది.

కొందరు గ్రహీతలు

తొలి గ్రహీత విల్సన్ అంతకు ముందే, 1982లో, నోబెల్ బహుమతి పొందినవారు. 1994లో ప్లాస్మా అనుకరణలకు పేరుపొందిన జాన్ డాసన్‌కు ఈ బహుమతి లభించింది. 1995లో రాబర్టో కార్, మికేలె పరినెల్లోలకు ఉమ్మడిగా ఇచ్చారు. పరమాణువుల మధ్య బలాలను ముందుగా ఊహించి పెట్టుకొనే అవసరం లేకుండా, ఎలక్ట్రాన్ల క్వాంటం లెక్కల నుండి ఎప్పటికప్పుడు రాబట్టే పద్ధతిని వీరు 1985లో ప్రకటించారు. రహ్మాన్ 1964లో ఆర్గాన్‌ను ఎంచుకోవడానికి దాని సరళత్వం ఒక కారణం. కార్ - పరినెల్లో పద్ధతితో ఆ పరిమితి చాలా వరకు తొలగింది. తనతో పనిచేసిన పెద్దాయన పేరున ఉన్న బహుమతిని ఆయన మరణానంతరం పరినెల్లో అందుకోవడం ఈ పురస్కార చరిత్రలో ఒక విశేషం.

డేవిడ్ సెపర్లీ (1998), మైకేల్ క్రూట్జ్ (2000), డేవిడ్ లాండౌ (2002), స్టీవెన్ వైట్ (2003), డాన్ ఫ్రెంకెల్ (2007), రాబర్ట్ స్వెండ్సెన్ (2014), షారన్ గ్లోట్జర్ (2019), ఆండర్స్ సాండ్విక్ (2021) మొదలైనవారు ఇతర గ్రహీతలలో కొందరు. 2010లో ఫ్రాన్స్ ప్రిటోరియస్‌కు ఇచ్చిన బహుమతి ద్రవాలకు, స్ఫటికాలకు సంబంధించినది కాదు. రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోవడాన్ని ఐన్‌స్టీన్ సమీకరణాల నుండి కంప్యూటరు ద్వారా ఆయన 2005లో తొలిసారి సాధించారు. పదేళ్ళ తరువాత, 2015లో, లైగో పరికరాలు అటువంటి సంఘటన నుండి వచ్చిన గురుత్వ తరంగాలను పట్టుకున్నప్పుడు, వాటిని పోల్చి చూడడానికి ఈ తరహా లెక్కలు సిద్ధంగా ఉన్నాయి.