పోలీసు స్టేషన్‌లో కలం ఎవరి చేతిలో ఉండాలి?

సూరత్ నగరంలోని ఆల్థాన్ వంటి పేటను ఊహించుకోండి. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నేత కుటుంబాలు ఎన్నో వెళ్ళి స్థిరపడిన నగరం అది. అక్కడైనా, మన ఊళ్ళోనైనా పోలీసు స్టేషన్ మెట్లెక్కే వారందరూ నేరం గురించి చెప్పడానికే రారు. ఒకరికి ఎఫ్.ఐ.ఆర్. నకలు కావాలి. ఇంకొకరికి పాస్‌పోర్టు విచారణ సంగతి తెలియాలి. ఇటువంటి పనులకు లాఠీతో అవసరం లేదు. అయినా వాటిని ఎక్కువగా చేసేది, నేరాలను అరికట్టడానికి శిక్షణ పొందిన పోలీసులే.

దీనివల్ల నష్టం ఏమిటి? హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీతో కలిసి కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ 2014లో వెలువరించిన అధ్యయనాన్ని చూడండి. స్టేషన్ సిబ్బందిలో సుమారు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని అందులో తేలింది. అలసిన మనిషి దర్యాప్తు చేస్తే పొరపాట్లు దొర్లుతాయి. ఆ నష్టం చివరకు ఫిర్యాదుదారుదే.

మరి పనిని ఎలా విభజించాలి? ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: దీనికి చట్టం ఇచ్చిన పోలీసు అధికారం కావాలా? అరెస్టుకు, సోదాకు కావాలి. జీతాల బిల్లులకు, సెలవుల లెక్కలకు, కంప్యూటరులో వివరాల నమోదుకు అక్కరలేదు. తెలుగు రాష్ట్రాలలోని జిల్లా ఎస్.పి. కార్యాలయాలలో జీతాలు, సర్వీసు ఫైళ్ళు చూసేది చాలాకాలంగా సివిల్ ఉద్యోగులే. స్టేషన్‌లో రికార్డులు రాసే 'రైటరు' మాత్రం సాధారణంగా పోలీసే.

కొన్ని పనులు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును స్టేషన్ అధికారి స్వయంగా రాయవచ్చు, లేదా తన ఆధ్వర్యంలో రాయించవచ్చు. అంటే రాసే చేయి ఎవరిదైనా, బాధ్యత ఆయనదే. రాష్ట్ర నియమాలు ఒప్పుకుంటే సమన్లను పోలీసులే కాక ఇతర ప్రభుత్వోద్యోగులు కూడా అందించవచ్చని 64వ సెక్షన్ చెబుతోంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2002 నాటి పోలీసు సంస్కరణల చట్టం మరో అడుగు ముందుకు వేసింది. నిర్బంధంలో ఉన్నవారిని కనిపెట్టుకుని ఉండడం వంటి పనులకు, పరిమిత అధికారాలతో సివిల్ ఉద్యోగులను నియమించే వీలు కల్పించింది.

అయితే జాగ్రత్తలూ అవసరమే. బాధితురాలి పేరు, సాక్షి చిరునామా చూసే ఉద్యోగికి గోప్యతలో శిక్షణ ఉండాలి. ఏ ఫైలు ఎవరు తెరిచారో నమోదు కావాలి. పైగా, కానిస్టేబుల్ పోస్టులు తగ్గించడానికి ఇది సాకు కారాదు. కాగితాల పని తప్పిన పోలీసు గస్తీకో, దర్యాప్తుకో వెళ్ళాలి. ఆయన మీ వీధిలో కనిపిస్తున్నాడా, మీ కేసు ముందుకు కదులుతోందా అన్నదే ఈ మార్పుకు అసలైన పరీక్ష.